మంద గుర్తు

ఐలేశం ఇంట్లో కోపం చుట్టపుచూపుగా వచ్చిపోయేది కాదు. తిష్ట వేసుకుని కూర్చున్న ఇంటి మనిషి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి గొర్రెల మందతో పాటే అదీ వచ్చింది. దానితో పాటు ఒక గుర్తు కూడా వచ్చింది. ఎడమ చెవికి రెండు గాట్లు, కుడి చెవి కొనకు ఒక చీలిక. పుట్టిన ప్రతి గొర్రెపిల్లకూ కత్తెరతో ఆ గుర్తు వేస్తారు. కేతేపల్లి చుట్టుపక్కల ఏ బీడులో గొర్రె తప్పిపోయినా ఆ చెవులు చూసి, "ఇది మైసయ్య మందది" అంటూ తోలుకొచ్చి దొడ్లో వదిలిపోయేవారు.

మైసయ్య ఐలేశం తండ్రి. ఒక ఎండాకాలం అంగట్లో ఆయన గొర్రెలు నాలుగు మరెవడి గుంపులోనో కనబడ్డాయి. చీలిక కనబడకుండా చేయాలంటే గొర్రెల దొంగకు తెలిసిన ఉపాయం ఒకటే, చెవి కొనను అడ్డంగా కోసేయడం. ఆ నాలుగింటి కుడి చెవులూ అట్లాగే కోసి ఉన్నాయి. పుండ్లు మానలేదు, ఈగలు ముసురుతున్నాయి. మైసయ్య నేరుగా వాడి మీదికి పోయాడు. ఆ దొంగను కాలు తన్ని పడేసి, రొమ్ము మీద మోకాలు పెట్టి, బొచ్చు కత్తిరించే కత్తెరతో వాడి కుడి చెవి కోసేశాడు. వాడి అరుపుకు కట్టేసిన ఎడ్లు తాళ్లు తెంపుకున్నాయి. అంగడంతా చూసింది గానీ ఒక్కడూ అడ్డం పోలేదు.

మైసయ్య జైలుకు పోయి వచ్చాడు. వచ్చాక చచ్చేదాకా ఆయన గొర్రెను ఎవడూ ముట్టలేదు. అప్పటికి మీసం గట్టిపడిన పడుచువాడైన ఐలేశం, మొగవాడంటే మా నాయినే అనుకున్నాడు. ఆ అనుకోవడమే ముసలితనంలో అతని కొంప ముంచింది.

ఐలేశానికీ భార్య గోపమ్మకూ మల్లిక ఒక్కతే కూతురు. హైదరాబాదులో పెద్ద కంపెనీ ఉద్యోగం వదిలేసి నల్గొండకు తిరిగొచ్చి, తనతో చదువుకున్న ఫైసల్‌ను తోడు చేసుకుని గడియారం సెంటర్ దగ్గర ఒక గది కిరాయికి తీసుకుంది. పాతబడి మూలన పడేసిన కంప్యూటర్లలో కూడా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి ఇద్దరూ కలిసి తయారుచేశారు. తెరిస్తే అక్షరాలన్నీ తెలుగే. ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే పిల్లలకు కావలసిన సాఫ్ట్‌వేర్ కూడా అందులోనే పెట్టారు. దానికీ కంపెనీకీ కలిపి "మంద" అని పేరు పెట్టారు. ఎవరికైనా ఉచితం.

"ఊకె ఇస్తే ఫినాయిలైనా తాగుతరు జనం. మరి మీరేం తింటరే?" అని అడిగింది గోపమ్మ.

"ఆఫీసులల్ల పెట్టిచ్చినందుకు, నేర్పినందుకు తీస్కుంటం అమ్మా. సరుకు మాత్రం ఊకెనే."

"పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టుమన్నడట ఎనకట ఒకడు," అన్నాడు ఐలేశం గొంగడి దులుపుతూ.

మల్లిక దొడ్డి మూలన కట్టేసిన పొట్టేలు వైపు చూపించింది. కొమ్ములు మెలితిరిగి, మెడ కింద తోలు వేలాడుతూ, ఆ చుట్టుపక్కల అట్లాంటిది మరొకటి లేదు. "మరి నీ పొట్టేలు సంగతేంది బాపూ? తొలకరి పడంగనే మల్లన్న కాక వస్తడు, సైదులు వస్తడు. వాళ్ల గొర్రెలల్ల ఇడువనీకి ఊకెనే ఇస్తవు. కిరాయి తీస్కుంటవా?"

"పొట్టేలుకు కిరాయా? థూ! గది పాపం బిడ్డా. చుట్టుపక్కల మందలన్నీ మంచిగుంటెనే నా మంద మంచిగుంటది."

"మాదీ గంతే."

ఐలేశం ఆ మాటకు పొంగిపోయాడు. ఆ రోజు నుంచి చావిట్లోనూ చాయ్ హోటల్లోనూ అదే కథ. మా బిడ్డ కంప్యూటర్ల పొట్టేలును పెంచింది, ఊరూరికీ ఊకెనే పంపుతుంది అని కనబడ్డవాడికల్లా చెప్పాడు. ఇక కంప్యూటర్ తెరవగానే కనిపించే బొమ్మ కోసం మల్లిక ఆ ఇంటి గుర్తునే అడిగినప్పుడు, ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫైసల్ గొర్రె తలకాయ గీశాడు. ఎడమ చెవికి రెండు గాట్లు, కుడి చెవికి చీలిక. మొదటిసారి అది తెర మీద మెరిసినప్పుడు ఐలేశం వంగి, గొర్రె చెవిని తడిమినట్టే అద్దాన్ని బొటనవేలితో తడిమాడు.

"ఎవడన్న ఎత్కపోతేనో?" అన్నాడు.

"ఎత్కపొమ్మనే ఇస్తున్నం కాకా," అని నవ్వాడు ఫైసల్. "తీస్కోవచ్చు, ఇప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు గూడ."

"గుర్తు గూడ మారుస్తరా?"

ఫైసల్ మల్లిక వైపు చూశాడు. మార్చుకోవచ్చు అనే చెప్పాలి. కానీ తండ్రి బొటనవేలు ఇంకా అద్దం మీదే ఉంది. "గుర్తెందుకు మారుస్తరు తియ్ బాపూ," అంది మల్లిక. తండ్రి మనసు నొప్పించలేక అన్న మాట అది. ప్రేమ కొద్దీ మింగేసిన నిజం తర్వాత ఎంత కక్కిస్తుందో ఆ పిల్లకు అప్పుడు తెలియదు.

ఉచితమంటే ఎగబడతారని అనుకుంటాం గానీ, కాలేజీల వాళ్లు మల్లికను చాలాకాలం గేటు దాటనివ్వలేదు. ఊరికే ఇస్తున్నారంటే ఏదో మెలిక ఉంటుందని వాళ్ల అనుమానం. మెలికేమీ లేదని చెప్పి చెప్పి ఆమె గొంతు ఎండిపోయింది. పానగల్ బడిలో మొదలుపెట్టి ఒక్కొక్క గడపా ఎక్కింది. కొత్త జిల్లాలు ఏర్పడిన మూడో ఏడుకు గానీ మంద మీద జనానికి నమ్మకం కుదరలేదు. ఆ నమ్మకమే కంపెనీ. అది పోతే మిగిలేది కిరాయి గది, రెండు కుర్చీలు.

ఆ ఏడు ఎండాకాలంలో ఐలేశం భువనగిరికి పోయాడు. అమ్మకానికి తెచ్చిన గొర్రెపోతులకు అంగట్లోనే బొచ్చు కత్తిరించి, అమ్మేసి, కత్తెరను చేతిసంచిలో వేసుకుని బస్టాండు దారి పట్టాడు. దారిలో ఒక కంప్యూటర్ దుకాణం. అద్దాల అవతల వరసగా కంప్యూటర్లు, వాటి ముందు నేర్చుకునే పిల్లలు. ఒక తెర మీద గొర్రె తలకాయ.

"మా మల్లికదే!" అనుకున్నాడు. సంతోషం పట్టలేక చెప్పులు బయట విడిచి, ఎవరూ పిలవకుండానే లోపలికి పోయాడు. దగ్గరికి పోయి చూస్తే ఎడమ చెవికి రెండు గాట్లు ఉన్నాయి. కుడి చెవికి చీలిక లేదు. కొనను అడ్డంగా కోసేసి ఆ జాగాలో దుకాణం పేరు రాసుకున్నారు.

ఐలేశం ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. అతనికి కనబడింది బొమ్మ కాదు. ఆనాటి అంగడి, పుండు చెవులు, ముసిరిన ఈగలు.

"గా చెవి ఎవడు కోసిండు?" అని అరిచాడు.

పిల్లలు కిసుక్కుమన్నారు. దుకాణం యజమాని కమలాకర్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. "ఏం గావాలె పెద్దమనిషీ?"

"గా గొర్రె ఎవనిది?"

"నాదే."

"నీదా?"

"నా దుకాణంల ఉన్నది నాది గాకుంటే నీదా? నేనే చేయించిన," అన్నాడు కమలాకర్. పిల్లల ముందు తగ్గడం ఇష్టం లేక గొప్పగా అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు.

ఐలేశం అతని అంగీ గల్లా పట్టుకున్నాడు. "దొంగ నా కొడకా! చెవి కోసి నాదంటవా?"

కమలాకర్ విడిపించుకోబోతే గుండీలు తెగాయి. సిగ్గూ కోపం కలిసి ముసలాయన మూతి మీద గుద్దాడు. లోపలి గదిలోంచి కమలాకర్ తమ్ముడు దామోదర్ పరుగెత్తుకొచ్చి, వెనక నుంచి మెడ పట్టి తలను తలుపు చట్రానికేసి కొట్టాడు. ముందు పన్ను విరిగి నేల మీద పడింది. కింద పడ్డవాణ్ణి పక్కటెముకల మీద తన్ని, కాళ్లు పట్టి ఈడ్చి, మెట్ల మీదుగా రోడ్డు మీదికి విసిరేశాడు. చెప్పులు కూడా మొహాన కొట్టాడు.

"పిచ్చోడు! మల్లొస్తే కాళ్లిరగ్గొడత!"

దామోదర్ బండి తీసుకుని ఎటో వెళ్లిపోయాడు. ఐలేశం రోడ్డు మీద కూర్చుని నోట్లో రక్తం ఉమ్మేశాడు. ఎవరైనా గుక్కెడు నీళ్లు ఇచ్చి, ఏమైంది తాతా అని అడిగి ఉంటే ఏమయ్యేదో. ఎవరూ అడగలేదు. అతను సంచిలో చెయ్యి పెట్టి కత్తెర తీశాడు.

ఈసారి అరవలేదు. కమలాకర్ వెనక్కి తిరిగి ఫోన్ మాట్లాడుతున్నాడు. ఐలేశం అతని జుట్టు పట్టి వెనక్కి గుంజి పడేశాడు. బల్ల మీది కంప్యూటర్ కూడా అతనితో పాటే కింద పడి పగిలింది. రొమ్ము మీద మోకాలు పెట్టాడు. జీవితమంతా గొర్రెలను తిప్పి పడేసిన చేతులు అవి, వాటిలో ఎంత బలముందో చూసేవాళ్లకు తెలియదు. కమలాకర్ గిలగిల కొట్టుకుంటూ అతని చేతిని కొరికాడు. ఐలేశం వదల్లేదు. ఎడమచేత్తో కమలాకర్ కుడి చెవి లాగి పట్టుకుని కుడిచేత్తో కత్తెర నొక్కాడు. గొర్రెపిల్ల చెవి ఒక్క నొక్కుకు తెగుతుంది. ఇది మూడు నొక్కులు పట్టింది. పిల్లలు గోడలకు అతుక్కుపోయి కేకలు పెట్టారు. ఒక పిల్ల స్పృహ తప్పింది.

తెగిన చెవిని తువాలలో చుట్టుకుని, అడ్డం వచ్చినవాళ్లకు కత్తెర చూపిస్తూ బయటికి నడిచాడు. కదులుతున్న బస్సు ఎక్కాడు. బస్సులో అతని పక్క సీటు నల్గొండ దాకా ఖాళీగానే ఉంది. కొరికిన చెయ్యి నుంచి రక్తం కారి పంచె తడిసింది. అయినా ఐలేశానికి ఏ నొప్పీ తెలియలేదు. నాయిన ఉంటే ఇవాళ భుజం తట్టేవాడు అనుకున్నాడు.

గడియారం సెంటర్ గదిలో మల్లిక, ఫైసల్ పని చేసుకుంటున్నారు. ఐలేశం లోపలికి వచ్చి తువాల బల్ల మీద పెట్టి విప్పాడు.

"దొంగ దొరికిండు బిడ్డా."

ఫైసల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మల్లిక తండ్రి మొహం, విరిగిన పన్ను, పంచె మీది రక్తం చూసి, ఆ తర్వాత బల్ల మీదున్నది ఏమిటో పోల్చుకుంది.

"ఏ ఊరు బాపూ?"

"భువనగిరి. మన గొర్రె చెవి కోసి నాదే అంటుండు."

"కమలాకరన్నా?" అంది మల్లిక. "బాపూ, నేనే ఇచ్చిన. పోయిన నెల వచ్చి అడిగిండు. నీ పేరు పెట్టుకో, బొమ్మ నీకు నచ్చినట్టు మార్చుకో అన్న. మంచోడు బాపూ ఆయన. పేద పిల్లలకు ఊకెనే నేర్పుతడు."

"మరి నాదే అన్నడు?"

"ఆయనదే. ఇచ్చినంక ఆయనదే గద!"

మల్లిక తల పట్టుకుని కూలబడి ఏడ్చింది. ఫైసల్ ఒక్కడే తేరుకున్నాడు. పక్క జ్యూస్ బండి దగ్గరికి ఉరికి డబ్బా నిండా ఐసు తెచ్చి, చెవిని పాలిథిన్ కవర్లో వేసి అందులో పెట్టాడు. "ఇంక అతుకుతదేమో. దవాఖానకు తీస్కపోత, పోన్ చేసి యాడున్నడో కనుక్కో మల్లికా," అంటూ డబ్బా చేత్తో గడప దాటాడు.

అప్పుడే కారు వచ్చి ఆగింది. కమలాకర్‌ను నూటెనిమిది బండి ఎక్కించాక, ఆ గొర్రె బొమ్మ ఇచ్చిన మల్లిక పేరు అన్న ఫోన్లో వెతికి, అడ్రసు పట్టుకుని, ముగ్గురిని వెంటేసుకుని వచ్చాడు దామోదర్. చేతుల్లో ఇనుప రాడ్లు. అతనికి కనబడింది ఐసు డబ్బా, డబ్బాలో అన్న చెవి, డబ్బా పట్టుకున్న ఫైసల్.

"అన్నా, దీన్ని మీకే తెస్తు—"

మాట పూర్తి కాలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. డబ్బా ఎగిరిపడి ఐసు రోడ్డంతా చెదిరింది. ఫైసల్ మెట్టు మీద బోర్లా పడి చెయ్యి ఊనుకున్నాడు. ఆ చేతి మీద రాడ్ దిగింది. వేళ్లు విరిగిన చప్పుడు లోపలున్న మల్లికకు వినిపించింది. అది ఫైసల్ కుడిచెయ్యి. మందలో సగం రాసిన చెయ్యి.

"కోసింది నేనురా! నన్ను గొట్టుండ్రి!" అంటూ ఐలేశం వాళ్ల మీదికి దూకాడు. కొట్టారు. మోకాలి మీద, వీపు మీద, పడిపోయాక కడుపులో. మల్లిక ఫైసల్ మీద అడ్డంగా పడితే ఆమె నడుము మీద కూడా ఒక తన్ను పడింది. లోపలికి దూరి కంప్యూటర్లు రాడ్లతో పగలగొట్టారు. దుకాణాల వాళ్లు షట్టర్లు దించుకున్నారు. పోలీసులు వచ్చేసరికి ఎవరి కాలి కిందో పడి కమలాకర్ చెవి ఎందుకూ పనికిరాకుండా నలిగిపోయింది.

దవాఖానలో ఐలేశం మంచం పక్కన కానిస్టేబుల్ ఉన్నాడు. ఫైసల్ తల్లి హలీమా ఆపరేషన్ గది దగ్గర నుంచి వచ్చి అతని ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఐలేశమన్నా, నువ్వు చెవికి చెవి కోసినవ్. నా కొడుకు చెయ్యికి ఎవలది కొయ్యాలె చెప్పు?"

ఐలేశం గోడ వైపు తిరిగాడు. ముసలి ఒళ్లంతా కదిలిపోయేట్టు ఏడ్చాడు. తండ్రి చచ్చినప్పుడు కూడా అంత ఏడవలేదు.

జైలుకు మల్లిక ఒక్కసారే ములాఖత్‌కు వచ్చింది. ఇనుప జాలీ అవతల నిలబడింది.

"ఒక్కటే అడుగుత బాపూ. నీ పొట్టేలును మల్లన్న కాక మందల ఇడిస్తే, పుట్టిన పిల్లలకు ఎవల గుర్తు ఏస్తరు?"

ఐలేశం జాలీ పట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతి. అడిగితే ఊళ్లో ఎవరైనా చెప్తారు.

"మల్లన్నదే ఏస్తరు," అన్నాడు నేల చూస్తూ.

"మరి ఏనాడన్న పోయి మల్లన్న కాక చెవి కోసినవా?"

ఐలేశం జాలీ వదిలేశాడు. గొర్రె దొంగ గురించి నాయిన చూపించింది గుర్తుపెట్టుకుని, పొట్టేలు విషయంలో తాను ఏటా చేసింది మర్చిపోయాడు. "ఫైసల్ చెయ్యి?" అని మాత్రం అడిగాడు.

"మూడు వేళ్లు కదులుతలేవు. ఎడమచేత్తోని రాసుడు నేర్చుకుంటుండు." మల్లిక కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కాలేజీలోళ్లంత మందను తీసేసిండ్రు బాపూ. ఊకెనే ఇస్తరట, తీస్కుంటే చెవి కోస్తరట అని నవ్వుతుండ్రు. మెలికేం లేదని ఇంక ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?"

బెయిలు దొరికి ఐలేశం ఇంటికి వచ్చేసరికి తొలకరి పడింది. బీళ్లు పచ్చబడ్డాయి. ఏటా ఆ రోజుల్లో పొట్టేలు ఒక్క పూట ఇంట్లో ఉండేది కాదు. ఒకరి దొడ్డి నుంచి ఇంకొకరి దొడ్డికి తిరుగుతూనే ఉండేది. ఈసారి ఎవరూ రాలేదు. అది కట్టుగొయ్యకు కొమ్ములు రాసుకుంటూ దొడ్లోనే నిలబడింది. గోపమ్మ దానికి మేత వేసేది గానీ మొగుడితో మాట్లాడటం మానేసింది.

చివరికి తానే తాడు పట్టుకుని, కుంటుకుంటూ మల్లన్న దొడ్డికి తోలుకుపోయాడు.

"పొట్టేలును తెచ్చిన మల్లన్నా. గొర్రెలల్ల ఇడువు. పుట్టిన పిల్లలకు నీ గుర్తే ఏస్కో," అన్నాడు.

మల్లన్న పొట్టేలును ఆశగా చూశాడు. తర్వాత ఐలేశం చేతుల వైపు చూశాడు.

"కిరాయేం లేదు. ఎన్నడన్న అడిగిన్నా?"

"ఎర్కే అన్నా, ఎన్నడడిగినవ్," అన్నాడు మల్లన్న. "ఈయేటికి వద్దులే. మాకే ఒకటున్నది."

అట్లా అంటున్నప్పుడే అతని చెయ్యి, అతనికే తెలియకుండా లేచి కుడి చెవిని కప్పుకుంది.

ఐలేశం అది చూశాడు. పొట్టేలు తల తిప్పి, వచ్చిన దారినే ఇంటికి నడిపించుకుపోయాడు.